నగరములకు జాతకము చూచు విద్య

కన్యాదాత తన మనస్సులో అల్లుని ముందుగనే నిశ్చయించుకొని, కట్నకానుకల విషయమున ఉభయపక్షములకు సమ్మతి కుదిరిన పిమ్మట, జ్యోతిష్కుని పిలిపించి గుణమేళనము చూపించుట మనలో చిరకాలముగా నున్న ఆచారము. 36 గుణములలో 18 కుదిరినచో చాలును. కుదరనిచో, దక్షిణ కొంచెము పెరిగినంతనే నక్షత్రపాదములు తామే సర్దుకొనును. ఈ విద్య మనకు మాత్రమే సొంతమని ఇంతకాలము గర్వించితిని. అమెరికావారు దీనిని వధూవరులకు గాక నగరములకు అన్వయించి, నక్షత్రములకు బదులు అంకెలు వాడి, శాస్త్రమని పేరిడి అమ్ముకొనుచున్నారని తెలిసిన నాడు నా గర్వము అణగినది.

అంకెలతో ప్రదేశముల మంచిచెడ్డలు తేల్చు ముచ్చట ఆ దేశమున క్రొత్తది కాదు. 1931లో హెచ్. ఎల్. మెంకెన్, చార్లెస్ ఆంగాఫ్ అనువారిరువురు ‘అమెరికన్ మెర్క్యురీ’ పత్రికలో సంపద, విద్య, ఆరోగ్యము, నేరములు మొదలగువాని లెక్కలు గుదిగ్రుచ్చి, రాష్ట్రములన్నిటిలో అధమాధమము మిసిసిపీ యని తీర్పు చెప్పిరి. తాను చేయునది వెక్కిరింత యని మెంకెన్ ఎరుగును, చదువరియు ఎరుగును. అర్ధశతాబ్దము గడచునప్పటికి వెక్కిరింత జారిపోయి లెక్క మాత్రము మిగిలినది.

1981లో బాయర్, సావజో అనువారు సంకలించిన ‘ప్లేసెస్ రేటెడ్ ఆల్మనాక్’ అను గ్రంథమును, దేశపటముల ముద్రణకు ప్రసిద్ధికెక్కిన ర్యాండ్ మెక్‌నాలీ సంస్థ ప్రకటించెను. ఆల్మనాక్ అనగా పంచాంగమే గదా! పేరు పెట్టినవారు తామెరుగకయే సత్యము పలికిరి. శీతోష్ణస్థితి, గృహముల వెల, వైద్యము, నేరములు, రాకపోకలు, విద్య, కళలు, వినోదము, ఆర్థికస్థితి యను తొమ్మిది అంశములు అందు నవగ్రహములు. 1985 నాటి కూర్పులో 329 మహానగర ప్రాంతములకు ఈ గ్రహముల బలాబలములు గుణించి, ప్రథమ స్థానమున పిట్స్‌బర్గును, కడపటి స్థానమున కాలిఫోర్నియాలోని యూబా సిటీని కూర్చుండబెట్టిరి. ఆ దినములలో పిట్స్‌బర్గు ప్రాంతమున ఉక్కు కర్మాగారములు ఒకదాని వెనుక నొకటి మూతపడి, వేలకొలది కార్మికులు పనులు పోయి వీథిన బడుచుండిరి. తాము దేశమునందెల్ల ఉత్తమ నగరమున నివసించుచున్నామని వారు పత్రికలు చూచి తెలిసికొనవలసి వచ్చెను. యూబా సిటీ పౌరులు మాత్రము ఊరకుండక, ఆ సంస్థవారి దేశపటములను ప్రోగుచేసి బహిరంగముగా తగులబెట్టిరి. పంచాంగకర్తను ఖండించుటకు ఇంతకంటె గౌరవప్రదమైన మార్గము నాకు తోచదు.

ఇక అసలు సంగతి. 1987లో బెల్ ప్రయోగశాలలకు చెందిన గణాంకశాస్త్రజ్ఞులు కొందరు, ఆ గ్రంథమునందలి అంకెలలో ఒక్కదానినైనను దిద్దక, ఏ అంశమునకెంత ప్రాధాన్యమను తూకమును మాత్రము అటునిటు కదిపి చూచిరి. అట్లు కదిపినంతనే 134 నగరములు ప్రథమ స్థానమునకు ఎక్కగలవనియు, 150 నగరములు అట్టడుగునకు దిగగలవనియు, అన్నిటికంటె చిత్రముగా, 59 నగరములు మొదటిదియు కాగలవు, చివరిదియు కాగలవనియు తేలినది! అదే ఊరు, అవే వీథులు, అదే వాన; ఉదయము స్వర్గము, సాయంకాలమునకు నరకము; నడుమ మారినది లెక్క వేయువాని చేతి తక్కెడ మాత్రమే. కీళ్ళనొప్పులతో మూలుగు వృద్ధునికి మంచు ఎంత తూగును? పాట వినబడినంతనే చెవులు మూసికొనువానికి సంగీతసభలు ఎంత తూగును? ఈ ప్రశ్నలకు గ్రంథకర్తలిచ్చిన సమాధానము, తొమ్మిదియు సమానమని. చూచుటకిది నిష్పక్షపాతమువలె నున్నది. కాని హత్యలును నాటకశాలలును ఒకే ఎత్తు అని నిశ్చయించుటకంటె గొప్ప పక్షపాతము లోకమున వెదకినను దొరకదు.

ధనము పేరనే వెలసిన ‘మనీ’ పత్రికయు 1987 నుండి ఈ వ్యాపారమున దిగి, ఆ యేడు న్యూ హ్యాంప్‌షైర్‌లోని నాషువాకు పట్టము కట్టెను. 1990లో వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రతీరమున బ్రెమర్టన్, 1991లో యూటా కొండల చెంత ప్రోవో, 1992లో దక్షిణ డకోటా మైదానమున సూ ఫాల్స్, 1993లో మిన్నెసోటా చలిలో రోచెస్టర్! పత్రికను నమ్మి ఆచరించిన భక్తుడు ఏటేట పిల్లలను బడి మాన్పించి, సామాను లారీకెత్తించి, ఇల్లు అమ్ముకొని మంచమును, పుస్తకములను మోసికొని తిరిగి తిరిగి, 1997లో పత్రిక మరల నాషువానే శ్లాఘించగా, పదియేండ్లనాడు విడిచిన ఇంటి తలుపే తట్టవలసి వచ్చెడిది.

మనవారును ఈ విద్యలో వెనుకబడలేదు. డల్లాసునకు మారదలచిన తెలుగు ఇంజనీరు ఎక్సెల్ పట్టికయందు పాఠశాలల మార్కులు, ఇండ్ల ధరలు, విమానాశ్రయపు దూరము నింపి, టెక్సాసులో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న గడికి పచ్చరంగు పూసి, ఆస్తిపన్ను ఘనముగా నుండునన్న గడిని, వేసవి యెండల గడిని మాత్రము ఏలనో చిన్న అక్షరములలో వ్రాయును. బావమరిది అప్పటికే ఫ్రిస్కోలో ఇల్లు కొని, ప్రక్క వీథిలోని ఇల్లు అమ్మకమునకు వచ్చినదని మూడు మాసములనుండి ఫోను చేయుచున్నాడనియు, ఇల్లాలు అప్పుడే కర్టెన్ల రంగు నిశ్చయించినదనియు తెలుపు గడి ఆ పట్టికలో కనబడదు. బంధువులకు దగ్గరగా నుండవలెనని కోరుట పాపమా? నిస్సంకోచముగా ఆ మాట చెప్పుటకేమి సిగ్గు? వీరికి సిగ్గు పట్టికను గూర్చి కలుగవలసినది, బావమరిదిని గూర్చి కలుగుచున్నది!

పిట్స్‌బర్గు చెంత పెన్ హిల్స్ గుట్టపై శ్రీవేంకటేశ్వరుడు 1970ల దశకమునందే కొలువైనాడు. ఆ నగరమునకు ప్రథమ స్థానమబ్బునని ఆలయము కట్టినవారికి ఏ పంచాంగమును చెప్పలేదు. ఇక 329వ స్థానమున పడద్రోయబడిన యూబా సిటీ పరిసరములలో, పీచు, బాదము తోటలు పెంచుకొని స్థిరపడిన పంజాబీ సిక్కులు, ఆ తీర్పు వెలువడుటకు 5 ఏండ్లు ముందుగా, 1980లో, గురుగ్రంథసాహిబును ఊరేగించు నగర కీర్తనను ఆరంభించిరి. నవంబరు మాసపు మొదటి ఆదివారమున, దేశపు నలుమూలలనుండి వేలకు వేలు జనులు ఆ ఊరికి వచ్చి, నేటికిని ఆ వీథులలో నడుచుచున్నారు.