చివరి రౌండు బావ

నాయుడుపేట బజారులో మోటార్లు, పైపులు అమ్మే మా బావ మెకానికల్ ఇంజనీరు. ఎన్ని కంపెనీల్లో పనిచేశాడని అడక్కండి, ఒక్కదాంట్లోనూ లేదు. ఎన్ని ఇంటర్వ్యూలకు పోయినాడని అడిగితే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. ప్రతి కథా ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది: “చివరి రౌండు దాకా పోయినాబ్బయా!”

మీ ఇంట్లోనూ ఒకరుంటారు.

శ్రీహరికోటలో రాకెట్టు లేచినరోజు ఊరంతా మిద్దెలెక్కుతుంది. (ఆ అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టినా మాకది ఇప్పటికీ షారే.) మేమంతా పొగ చూస్తుంటే బావ తన మార్కులు చూసుకుంటుంటాడు. అక్కడ ఇంజనీరు పోస్టుకు దరఖాస్తు పెట్టాలంటేనే డిగ్రీలో 65 శాతం ఉండాలి. ఈయనకొచ్చింది 64.6. “ఆ కాస్తా వచ్చుంటే ఈపొద్దు కౌంట్‌డౌన్ నేనే చెప్తుంటి” అంటాడు. మెకానికలోడికి కౌంట్‌డౌన్‌తో ఏం పనని అడిగే ధైర్యం మాకు లేదు.

ఈయన అలవాట్లన్నీ ఆ పరీక్షలూ ఇంటర్వ్యూలూ నేర్పినవే. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అక్క అడిగితే నోరు విప్పడు. గేట్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు తప్పు గుర్తు పెడితే మూడోవంతు కోస్తారు కదా, తెలీనిది వదిలెయ్యడమే మేలట! పైపుల కోసం వచ్చిన రైతును “ఇంకో ఐదేళ్ళకు నువ్వు యాడుంటావు?” అని అడిగాడొకసారి. “బతికుంటే ఈడ్నే సామీ, నీ బాకీ తీరస్తా” అన్నాడాయన. “జవాబంటే అదీ!” అని బావ నూరు రూపాయలు తగ్గించాడు.

నా మొదటి ఇంటర్వ్యూకు తర్ఫీదిచ్చిందీ ఈయనే. నీలో లోపమేందని అడిగితే “పని మొదలుపెడితే తిండి గుర్తుండదు” అని చెప్పమన్నాడు. చెప్పినా. ఎదురుగా ఉన్న ముగ్గురూ నా పొట్టవైపు చూశారు. ఆ కోపం నాకింకా ఉంది. కానీ ఆరోజు తెల్లారుజాము రైల్లో నాతోపాటు చెన్నై వచ్చి, సాయంత్రందాకా గేటు బయట నిలబడి, నేను తలొంచుకుని రాగానే ఏమీ అడక్కుండా వడ పొట్లం చేతిలో పెట్టిందీ ఈయనే.

మొన్న మా అన్న కొడుకు వంతొచ్చింది. వాడిది సాఫ్ట్‌వేరు. బావ మిద్దెమీద కూర్చోబెట్టి, పెట్రోలు ఇంజను ఒట్టో సైకిలుకూ డీజిల్ సైకిలుకూ తేడా చెప్పమన్నాడు.

“నన్ను కోడింగ్ అడుగుతారు మామా!”

“ఏ రౌండుకైనా పునాది ఇదేరా.”

వాడికి ఉద్యోగమొచ్చింది. మిఠాయి డబ్బాతో వచ్చి బావ కాళ్ళకు మొక్కాడు. బావ లడ్డు తుంచి నోట్లో వేసుకుని అడిగాడు: “ఎన్ని రౌండ్లు?”

“రెండే మామా.”

“రెండుకే ఇచ్చేశారా?” బావ మొహం వాడిపోయింది. “అదేం ఉద్యోగంరా!”

నవ్వబోయి ఆగినా. అప్పటికే నేను వేళ్ళమీద లెక్కేసుకుంటున్నా. నన్ను మూడో రౌండులో కదా పంపించేసింది!