కార్టులో మందు, లైన్లో డాక్టరు

మన పెద్దలది వట్టి చాదస్తం. ముందు జబ్బు చేయాలట. తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలట. ఆయన నోరు తెరిపించి, టార్చిలైటు వేసి, వీపు మీద స్టెతస్కోపు ఆనించి చీటీ రాయాలట. ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు నడవాలట. మందుల యాప్ వచ్చి ఈ వరసను తలకిందులు చేసి పుణ్యం కట్టుకుంది. ఇప్పుడు మొదట మందు. అజిత్రోమైసిన్ ఐదొందలు అని కొట్టి కార్టులో వేసుకోండి. ‘ప్రిస్క్రిప్షన్ ఉందా?’ అని యాప్ మర్యాదగా అడుగుతుంది. లేదన్నా నొచ్చుకోదు. మా డాక్టరు ఉచితంగా ఫోన్ చేస్తారు, కాస్త ఆగండి అంటుంది. చేస్తారు కూడా.

‘‘చెప్పండి సర్, ఏంటి ప్రాబ్లం?’’

‘‘గొంతు నొప్పండీ.’’

‘‘ఫీవర్ ఉందా?’’

‘‘ఉన్నట్టే ఉంది.’’

‘‘ఎలర్జీలేమైనా?’’

‘‘దుమ్ము పడదు.’’

‘‘ఓకే సర్. అజిత్రో త్రీ డేస్ పెడుతున్నా. వేడినీళ్లు తాగండి.’’

ఇందులో రోగ నిర్ధారణ ఎక్కడ జరిగిందని వెటకారంగా అడిగేవాళ్లున్నారు. వాళ్లకు లోకం తెలియదు. నిర్ధారణ ఫోన్ రాకముందే అయిపోయింది, కార్టు చేసేసింది. డాక్టరుగారిది రిజిస్ట్రారాఫీసులో సాక్షి సంతకం. పెళ్లికొడుకెవరో సాక్షికి తెలియాలని ఏ చట్టంలో ఉంది?

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఏది వైరస్సో ఏది బ్యాక్టీరియానో కొంతైనా పోల్చుకోవాలంటే టాన్సిల్స్ మీద చీము ఉందేమో చూడాలి, మెడ కింద గడ్డలు తడమాలి, అనుమానముంటే పరీక్ష చేయించాలి. ఫోన్లో గొంతు వినిపిస్తుంది గానీ కనిపించదు. అయితేనేం, నాలుగు రోజుల్లో వైరస్ తన దారిన తాను పోతుంది, పేరు మాత్రం మాత్రకొస్తుంది. ‘భలే పనిచేసింది’ అని ఆ స్ట్రిప్ ఫొటో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది. అక్కడినుంచి ఇంకో పది కార్టుల్లోకి.

మన ఊళ్లలో ఆర్‌ఎంపీలను చదువుకున్నవాళ్లం ఎంత ఎగతాళి చేశాం! తెల్లకాగితంలో మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడని, రెండు రోజులకే యాంటీబయాటిక్ ఇచ్చి ఆపేస్తాడని, దేనికైనా ఒకటే సూది అని. నిజమే, చేసింది తక్కువేం కాదు. కానీ ఆయన థర్మామీటరు జాడించి నాలుక కింద పెట్టేవాడు. చెయ్యి పట్టుకుని చూసేవాడు. మూడోరోజుకీ తగ్గకపోతే ‘‘ఇది నా వల్ల కాదు, టౌనుకు తీసుకుపోండి’’ అనేవాడు. రేపు పొద్దున ఆయన అదే వీధిలో తిరగాలి మరి. యాప్ డాక్టరుకు ఆ బాధ లేదు. రేపు మళ్లీ ఫోన్ చేస్తే వేరే గొంతు పలుకుతుంది, మళ్లీ ‘‘ఏంటి ప్రాబ్లం?’’ దగ్గర మొదలవుతుంది.

ఇంకో సౌకర్యం చూడండి. రోగి లైన్లో ఉండాల్సిన పని కూడా లేదు. తెనాలిలో నాన్న దగ్గుతుంటే డాలస్‌లో కొడుకు మాట్లాడేస్తాడు. అమెరికాలో చీటీ లేనిదే మందుల షాపువాడు యాంటీబయాటిక్ ఇవ్వడు. అందుకే కదా, కాన్పుకని బయల్దేరే అమ్మల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాల పక్కన అజిత్రో స్ట్రిప్పులు కూడా సర్దుకుంటాం. ఆ కొడుకే ఇక్కడి నాన్నకు మాత్రం సముద్రాల అవతలి నుంచి వేలితో నొక్కి కోర్సు తెప్పిస్తాడు. ‘‘దగ్గు పొడిదా, కఫం పడుతోందా?’’ అని డాక్టరు అడిగితే, ఒక్క నిమిషం అని ఇంకో ఫోన్లో నాన్నను అడిగి చెబుతాడు.

డాక్టర్లనే అనడం కూడా న్యాయం కాదు. వాళ్ల నెత్తిన నక్షత్రాలున్నాయి. అమెరికాలో ఇలాంటి ఆన్‌లైన్ సంప్రదింపుల మీదే క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. జలుబూ దగ్గులతో వచ్చినవాళ్లలో యాంటీబయాటిక్ రాయించుకున్నవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది ఐదు నక్షత్రాలిచ్చారు. ఏ మందూ రాయని డాక్టరుకు ఆ భాగ్యం అంతగా దక్కలేదు. ‘‘మందు అక్కర్లేదండీ, ఉప్పునీళ్లు పుక్కిలించండి’’ అని ఇంగితం చెప్పినవాడికి మనం ఇచ్చే బహుమానం అది. పూర్వం డాక్టరు మన చెయ్యి పట్టుకుని చూసేవాడు. ఇప్పుడు డాక్టరు నాడి మన చేతిలో ఉంది.

నిబంధనలు లేకపోలేదు. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మాటతోనో మెసేజితోనో రాయదగ్గవి పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, దగ్గు బిళ్లల వంటివి. మొదటిసారి వచ్చిన రోగికి అంతకుమించి రాయాలంటే వీడియోలో చూడాలి. అందుకు ఇచ్చిన ఉదాహరణలేమిటంటే చర్మానికి పూసే ఆయింట్‌మెంట్లు, కళ్లకలక చుక్కలు, చెవి చుక్కలు. చర్మం, కన్ను కెమెరాకు కనబడతాయి కాబట్టి కాబోలు. రాసినవాళ్లకు తెలివి ఉంది, సందేహం లేదు. మరో కట్టడి షెడ్యూల్ హెచ్‌వన్. 2014 మార్చి నుంచి సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఇప్పుడు ఆ రిజిస్టరు ముత్యాల్లాంటి పేర్లతో నిండుతుంది. చీటీ ఉంది, పేరుంది, కౌన్సిల్ నంబరుంది. ఉండాల్సినవన్నీ ఉన్నాయి, పరీక్ష ఒక్కటే లేదు.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ మహాశయుడు 1945లో నోబెల్ పుచ్చుకుంటూనే హెచ్చరించాడు, ఎవరుబడితే వాళ్లు అంగట్లో పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలని మోతాదులో వేసుకుంటే సూక్ష్మజీవులు రాటుదేలతాయని. పాపం, ఆయన ఊహ అంగడి దాకానే వెళ్లింది. అంగడే గుమ్మంలోకొచ్చి బెల్లు కొడుతుందనుకోలేదు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల లోకమంతటా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క. అదే ఏడాది మన దేశంలో ప్రైవేటు అమ్మకాల్లో అన్నిటికన్నా ముందున్న యాంటీబయాటిక్ ఏదో చెప్పనక్కర్లేదు, పైన కార్టులో ఉన్నదే.  

‘మారుమూల జనం గతేమిటి?’ అని యాప్ తరఫు వకీళ్లు గద్గదంగా అడుగుతారు. మంచి ప్రశ్న. ఏజెన్సీ గూడెంలో ఆరోగ్య కార్యకర్త పక్కన కూర్చుని, బీపీ చూసి, సర్కారువారి టెలీమెడిసిన్ ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడిస్తే అది నిజంగా మేలే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పది నిమిషాల్లో డెలివరీ వచ్చేది గూడేనికి కాదు, కూకట్‌పల్లికి. అక్కడ అపార్ట్‌మెంటు కిందే క్లినిక్కులుంటాయి. లిఫ్టు దిగాలి, అంతే.

2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ డాక్టర్లకో లేఖ రాసింది. యాంటీబయాటిక్ రాస్తే ఎందుకు రాస్తున్నారో కారణం కూడా చీటీ మీద తప్పనిసరిగా రాయండి అని. మంచి సూచన. యాప్‌వాళ్లకు కష్టమేమీ కాదు, చీటీలో ‘కారణం’ అని ఒక గడి పెట్టి, డాక్టరుగారు రాసే శ్రమ లేకుండా నాలుగు ఆప్షన్లు ఇస్తే సరి. కార్టులో ముందే ఉంది. రోగి కన్నా రోగి కొడుకు గట్టిగా అడిగాడు. ఇవ్వకపోతే ఒక్క నక్షత్రం. లైన్లో ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఒకటికి మించి కూడా టిక్కు పెట్టుకోవచ్చు.