మా రోజుల్లో టేపు ముందు, టైరు తరవాత

స్పోర్ట్స్ కారు వెనక చక్రాలకు వెడల్పు టైర్లు వేయించడమంటే మా రోజుల్లో నెల రోజుల ఆలోచన. ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూసి వేలితో నొక్కడమే. మూడో రోజుకల్లా టైర్లు గుమ్మంలో ఉంటాయి. నాలుగో రోజున అవి కారుకి ఎక్కుతాయి. ఆ మధ్యలో కొలత అనేది ఎక్కడా కనపడదు. నా బాధంతా అదే.

ఇక్కడ లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల పాత పోర్షే 911లకు కొదవ లేదు. మంచు లేదు, రోడ్ల మీద ఉప్పు చల్లరు, అందుకని నలభై ఏళ్ల కారు కూడా తుప్పు పట్టకుండా నిలబడుతుంది. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఈ మధ్యే 911 ఎస్‌సీ కొన్నాడు. నా దగ్గరా అదే కారు ఉందని తెలిసి ఇంటికి వచ్చాడు.

"అంకుల్, వెనకాల 245లు వేయిస్తున్నా. ఉన్న 225లు మరీ సన్నంగా కనిపిస్తున్నాయి."

"నీ రిమ్ము ఎంత బాబూ?"

"పదహారు."

"అది వ్యాసం. వెడల్పు ఎంత?"

వాడికి తెలియదు. టైర్లు అమ్మినవాడు అడగనూ లేదట. పిల్లవాడు తెలివైనవాడే, పెద్ద చదువు చదివాడు. వాడి తప్పని నేననను. అడగాల్సిన ప్రశ్న అడిగే అలవాటే ఈ వ్యాపారంలోంచి పోయింది. మా కాలంలో టైర్ల షాపులో ముసలాయన కౌంటర్ మీద చేతులు పెట్టి మొట్టమొదట అడిగేది రిమ్ము వెడల్పు. అది చెప్పలేకపోతే, "వెళ్లి చూసుకుని రా" అని పంపేసేవాడు. బేరం పోయినా సరే, చక్రానికి పట్టని టైరు ఎక్కించేవాడు కాదు.

అసలు 911కి వెనక టైరు ఎందుకు వెడల్పయిందో ఎవరికైనా గుర్తుందా? 1960ల్లో మొదటి 911 నాలుగు చక్రాలకూ ఒకటే టైరు, 165 మిల్లీమీటర్ల వెడల్పుది. రిమ్ము నాలుగున్నర అంగుళాలు. ఇంజనేమో వెనక ఇరుసుకీ వెనకాల వేలాడుతుంది. కారు బరువులో ఇంచుమించు 60 శాతం వెనకే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, తోక ముందుకొచ్చేది. కంపెనీవాళ్లు ముందు బంపరు మూలల్లో ఇనప దిమ్మెలు పెట్టి చూశారు. 1969 మోడల్ నుంచి వెనక ఇరుసును 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. ఆ తరవాత 1973 మోడల్‌గా కరేరా ఆర్‌ఎస్ 2.7 వచ్చింది. ముందు 6 అంగుళాల రిమ్ము, దాని మీద 185/70, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం. వెనక 7 అంగుళాల రిమ్ము, దాని మీద 215/60. రోడ్డు మీద తిరిగే 911కి ముందు ఒక కొలత, వెనక ఒక కొలత ఇవ్వడం అదే మొదలు. దానికోసం వెనక ఫెండర్లను కూడా బయటికి పెంచారు. చూశారా వరస? టైరు ఒక్కటే మారలేదు. రిమ్ము మారింది, ఫెండరు మారింది, వాటితోపాటు టైరు మారింది. లెక్క కుదరడం ఎలాగో చూడండి: 15 అంగుళాల మీద 185/70 మొత్తం ఎత్తు 640 మిల్లీమీటర్లు, 215/60 ఎత్తు 639. వెడల్పు పెరిగినా ఎత్తు పెరగలేదు.

హోండావాళ్లు చేసింది కూడా అలాంటి పనే. ఎస్2000 మొదటి రకంలో ముందు 205, వెనక 225. దాని తోక కూడా తొందరగా జారుతుందని పేరు పడింది. 2004లో మార్చినప్పుడు వెనకాల 245 ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ వెనక రిమ్మును ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకు పెంచారు, ముందు టైరును కూడా 215 చేశారు, సస్పెన్షన్ మార్చారు. ఒక జబ్బుకి ఒక మందు, దానికొక పత్యం.

ఇప్పుడు మందు ఒక్కటే కొంటున్నారు. పత్యం ఎవరికీ అక్కర్లేదు.

ఆ అబ్బాయి సంగతికే వస్తాను. వాడి కారుకు వెనక ఉన్నవి ఫుక్స్ రిమ్ములు, ఏడు అంగుళాల వెడల్పువి. 225/50 టైరు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దాకా ఏ రిమ్ము మీదైనా సరిగ్గా కూర్చుంటుంది. 245/45 టైరుకి కనీసం ఏడున్నర కావాలి, తొమ్మిది దాకా పోవచ్చు. టైర్ల కంపెనీలన్నీ ఒప్పుకున్న పట్టికలో ఉన్న మాట ఇది, నా సొంత అభిప్రాయం కాదు. ఏడు మీద 245 ఎక్కదా అంటే, ఎక్కుతుంది. యంత్రం తోస్తే రబ్బరు ఎందుకు ఎక్కదు! ఎక్కాక కింద అంచులు రెండూ దగ్గరికి నొక్కుకుపోతాయి, పక్కగోడలు ఉబ్బుతాయి, నడినెత్తి పైకి లేస్తుంది. స్టీరింగు తిప్పిన అరక్షణం తరవాత గానీ వెనక భాగానికి కబురు అందదు. డబ్బు పోసి కొన్న వెడల్పులో కొంత నేలను సరిగ్గా తాకదు.

ఇది పట్టుకోవడానికి మాకు యంత్రాలు అక్కర్లేకపోయింది. సుద్దముక్క చాలు. టైరు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా అడ్డంగా మందంగా ఒక గీత గీసేవాళ్లం. గాలి పుస్తకంలో చెప్పినంత పెట్టి, చదునైన చోట స్టీరింగు కదపకుండా ఓ వంద గజాలు నడిపి, దిగి మోకాళ్ల మీద కూర్చుని చూసేవాళ్లం. గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా చెరిగితే టైరు మొత్తం పని చేస్తున్నట్టు. మధ్యలో మాత్రం చెరిగి అటూ ఇటూ రెండేసి వేళ్ల మేర సుద్ద తెల్లగా మిగిలిందంటే రిమ్ము చాలలేదని అర్థం. గాలి తగ్గించి సర్దుదామనుకుంటే పక్కగోడలు ఇంకా మెత్తబడతాయి. ఆ పరీక్ష చేసే కుర్రాడిని నేనీమధ్య చూడలేదు. వాళ్ల కార్ల ఫోటోలు మాత్రం రోజూ చూస్తున్నాను, అన్నీ వెనకనుంచి తీసినవే.

దీనికి తలకిందులైన పిచ్చి ఇంకోటుంది. పెద్ద రిమ్ము కొని దానిమీద చిన్న టైరు సాగదీసి బిగించడం. టైరు అంచు రిమ్ములోంచి ఊడిపోయే ప్రమాదం ఉన్నా సరే, చూడ్డానికి ఫెండరూ చక్రమూ ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉండాలి. దాని గురించి ఇంతకంటే రాయడానికి నాకు మనసు రావడం లేదు.

"సరే అంకుల్, ఎనిమిది అంగుళాల రిమ్ములు కొంటా" అన్నాడు. మంచిదే, 911 టర్బోకి ఫ్యాక్టరీవాళ్లే వేశారు. కానీ ఇక్కడొక లెక్క ఉంది. ఏడు అంగుళాల ఫుక్స్ రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి హబ్బుకి ఆనే చోటు దాకా దూరం, 23.3 మిల్లీమీటర్లు. ఎనిమిది అంగుళాలదానికి 10.6. కాగితం మీద వేసి చూడండి: హబ్బుకి ఆనే చోటు నుంచి లోపలి వైపు రెండూ 112.2 మిల్లీమీటర్లే. పెరిగిన అంగుళం మొత్తం బయటికే వచ్చింది, ఫెండరు పెదవి వైపు. టర్బోకి ఆ ఫెండరు విశాలంగా పెట్టారు కాబట్టి సరిపోయింది. ఎస్‌సీకి ఖాళీ వెంట్రుకవాసి. కారు కొంచెం కిందికి దించి ఉన్నా, ఫెండరు పెదవి లోపలికి మడవకపోయినా, గుంతలో పడ్డప్పుడల్లా ఆ పెదవి టైరును చెక్కుతుంది. పైగా ఆ కార్లలో ఎడమ వైపు, కుడి వైపు ఖాళీ ఒకేలా ఉండదు. రెండు వైపులా విడివిడిగా కొలవాల్సిందే.

మేం చక్రం విప్పి, తిరగేసి నేలమీద పడుకోబెట్టి, అంచుల మీద ఒక తిన్నని చెక్కబద్ద పెట్టి, అక్కడి నుంచి హబ్బు ముఖం దాకా టేపుతో కొలిచేవాళ్లం. ఫెండరు లోపల పిల్లల బంకమన్ను చిన్న చిన్న ముద్దలుగా అంటించి, స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి ఎక్కించి దింపి, ఏ ముద్ద నలిగిందో వంగి చూసేవాళ్లం. శనివారం పొద్దున్న మొదలుపెడితే భోజనం వేళకి అయిపోయే పని. ఆ పూట పోయినందుకు మాలో ఎవరూ విచారించలేదు.

ఇంత చేసి వెడల్పు టైరు వేస్తే పట్టు రెట్టింపవుతుందనుకుంటారు. కాదు. నేలను తాకే మేర ఎంతో చాలావరకు తేల్చేది బరువూ గాలీ. వెనక ఒక్కో చక్రం మీద 350 కిలోలు, అంటే దాదాపు 770 పౌండ్లు ఉందనుకుందాం. చదరపు అంగుళానికి 34 పౌండ్ల గాలి ఉంటే నేలను తాకేది సుమారు 23 చదరపు అంగుళాలు. 225 వేసినా 245 వేసినా మొత్తం అటూ ఇటూగా అంతే. ఆకారం మాత్రం మారుతుంది, అడ్డం పెరిగి పొడుగు తగ్గుతుంది. మలుపులో అది నిజంగానే మేలు చేస్తుంది. వానలో కీడు చేస్తుంది, ఎందుకంటే అడ్డం పెరిగినకొద్దీ తోసేయాల్సిన నీళ్లు పెరుగుతాయి, తోయలేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది.

ఇక ముందు చక్రాల మాట ఎత్తేవాళ్లే లేరు. వెనక పట్టు పెంచి ముందు అలాగే వదిలేస్తే కారు మలుపు తిరగనని మొరాయిస్తుంది. ఇక్కడి ఏంజిలిస్ క్రెస్ట్ హైవే మీద ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ స్టీరింగు తిప్పినా ముక్కు తిరగకుండా నేరుగా పోతుంటే ఆ భయం వేరు. వెనక తోక జారుతుందని మందు వేస్తే ముందు ముక్కు పోయింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే కరేరా 4 లాంటివాటికైతే ముందు, వెనక టైర్ల చుట్టుకొలత తేడా వస్తే గేర్ల పెట్టెకే ముప్పు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటి రబ్బరు మా రోజుల్లో లేదు. 1980ల్లో మేం మురిసిపోయిన టైరు ఇవాళ్టి మంచి 205 ముందు నిలవదు. తడిలో అసలే నిలవదు. నా కోపం అక్కడే ఎక్కువవుతుంది. ఇంత గొప్ప రబ్బరు చేతికొచ్చాక వెడల్పు ఆశ తగ్గాలి కదా! ఫ్యాక్టరీ కొలతలోనే మంచి టైరు కొని, తిన్నగా అలైన్‌మెంట్ చేయించి, గాలి ముందు 29, వెనక 34 పెట్టుకుని తిరిగితే ఆ కారు ఎంత హాయిగా మలుపు తిరుగుతుందో వీళ్లకి ఎవరు చెప్పాలి?

బిగించడం కూడా చెప్పుకోవాల్సిందే. ఫుక్స్ రిమ్ములకు అల్యూమినియం నట్లు. చేత్తో తిప్పి, తరవాత టార్క్ రెంచితో 130 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మా షాపు ముసలాయన ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు గాలి తుపాకీ పెట్టి ఐదు నట్లూ ఐదు క్షణాల్లో బర్రుమనిపిస్తారు. ఆ నట్టు మరలు చెడి ఊడిరానప్పుడు "పాత కారు కదా సార్" అంటారు.

కొత్త 911 కరేరా ఎస్ చూడండి. ముందు 245, వెనక 305, అదీ 21 అంగుళాల రిమ్ము మీద. ఆ కారును ఆ టైరు చుట్టూనే గీశారు కాబట్టి దానికి అది సరిపోయింది. దాన్ని చూసి పాత కారుకి వాతలు పెట్టుకుంటే ఎలా? ఈ మాట ఇక్కడివాళ్లకే కాదు, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద కూడా ఇప్పుడు స్పోర్ట్స్ కార్లు తిరుగుతున్నాయి. శ్రావణ భాద్రపదాల్లో రోడ్డు మీద నీళ్లు నిలిచే ఊళ్లో, అరిగిన వెడల్పు టైర్లతో నూట ఇరవైలో పోవడం ప్రాణంతో పందెమే.

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడు ఉంటే ఒక్క సాయం చేయండి. టైరు కొనేముందు చక్రం విప్పించి, రిమ్ము వెనక వైపు అచ్చువేసిన అంకెలు చదివించండి. జె అక్షరం ముందున్న అంకె వెడల్పు. అది కాగితం మీద రాసుకుని, టైర్ల పట్టికతో సరిచూశాక డబ్బు ఇవ్వండి. అమ్మేవాడు ఆ అంకె అడగకపోతే వేరే షాపుకి వెళ్లండి.