నాలుగు బిట్ల బావ

మా బావకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు బడికి పోతారు. మూడోది మెట్ల కింది గదిలో టేబుల్ మీద కూర్చుని గుర్రుమంటూ ఉంటుంది. మొదటి ఇద్దరికి జ్వరమొస్తే మా అక్క సెలవు పెడుతుంది. మూడోదానికి వేడి చేస్తే బావ పెడతాడు.

ఈ రకం మనిషి మీ చుట్టాల్లోనూ ఒకరు ఉండే ఉంటారు. దూరదర్శన్ రోజుల్లో డాబా ఎక్కి యాంటెనా తిప్పుతూ "వచ్చిందా? ఇప్పుడు?" అని వీధంతా వినబడేలా అరిచింది వీళ్లే. ఆ తర్వాత బాగు చేస్తామని తీసుకెళ్లి చుట్టాల ఫోన్లను శాశ్వతంగా నిద్రపుచ్చిందీ వీళ్లే. ఇప్పుడు ఇంట్లో ఏఐని పెంచుతున్నారు. ఫోన్లో ఊరికే దొరికేదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకోవడం అని పొరపాటున అడిగారా, మీ చేతిలో టీ చల్లారిపోయినట్టే.

బావది మేడ్చల్. ఉద్యోగం శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీలో ఓ మందుల కంపెనీ, క్వాలిటీ విభాగం. పగలు మాత్రలో మిల్లీగ్రాము తేడా వస్తే బ్యాచ్ మొత్తం ఆపించే మనిషి, రాత్రి ఇంటికొచ్చి మోడల్లో ముప్పాతిక వంతు చెక్కేసి "ఏం ఫరక్ రాలే బామ్మర్దీ" అంటాడు. ఆ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ వ్యాసం చదవకపోతే మంచిది.

పిచ్చి 2023లో మొదలైంది. ఆ ఫిబ్రవరిలో మెటా కంపెనీ లామా అనే మోడల్‌ను పరిశోధకుల కోసమని వదిలింది. వారం పది రోజుల్లో అది గోడ దూకి ఊరి మీద పడింది. మార్చిలో జార్జి గెర్గనోవ్ అనే బల్గేరియా ఇంజనీరు, దాన్ని మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడిపించే ప్రోగ్రాం రాసి అందరికీ పంచిపెట్టాడు. బావ ఆయన్ని "మన గెర్గనోవ్" అంటాడు, పక్క వీధిలో ఉండే మేనత్త కొడుకన్నట్టు. మా అక్క కొన్నాళ్లు ఆయనెవరో చిట్టీల మనిషనుకుని, డబ్బు ఎంత కట్టారోనని దిగులు పడింది.

డబ్బు పోయింది నిజమే గాని బల్గేరియాకు కాదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు కాలి అలసిన గ్రాఫిక్స్ కార్డులన్నీ సెకండ్‌హ్యాండ్ సంతకొచ్చాయి. అక్కడి కంప్యూటర్ల బజారు సీటీసీలో అలాంటి 12 జీబీ కార్డు ఒకటి బేరమాడి కొన్నాడు బావ. స్కూటర్ నాది. పెట్రోలు నాది. నడిపింది ఆయన. ప్యారడైజ్ నుంచి బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా ఆ డబ్బాను బాలింతలా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నది నేను. గుంత వచ్చినప్పుడల్లా "పైలం, పైలం" అన్నాడు. నాకు చెబుతున్నాడనుకుని మురిసిపోయాను.

అదే నెల నా డెస్క్‌టాప్‌లోంచి 16 జీబీ ర్యామ్ "వారం రోజులకు" పట్టుకుపోయాడు. ఆ వారం ఇంకా నడుస్తోంది.

మోడల్‌ను కుదించడమంటే ఏమిటో బావ వాళ్ల నాన్నకు చెప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. మామయ్యది పాత మేడ్చల్. ఇప్పుడు ప్లాట్లయిపోయిన చోట ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లుండేవి. ఆయనకూ ఓ తోట ఉండేది. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసి, చివరికి తోట ఎండి బోర్లు మిగిలిన మనిషి.

"నాయినా, దీంట్ల ఏడు వందల కోట్ల అంకెలుంటయ్. ఒక్కోటి పదహారు బిట్లు. మొత్తం పద్నాలుగు జీబీ. నా కార్డు పన్నెండే. పట్టదు."

"పెద్దది కొను."

"పైసల్లేవ్. అందుకే అంకె పక్కన చిల్లరంత కొట్టేస్తం. పదహారు మెట్లు కడతం. ప్రతి అంకె తనకు దగ్గరున్న మెట్టు మీద నిలబడాలె, మధ్యల ఎవడు నిలబడొద్దు. నాలుగు బిట్లు. ముప్పై రెండు అంకెలకొక కొలత కట్టె ఉంటది, గంతే. పద్నాలుగు జీబీది నాలుగు జీబీల కూసుంటది. ద్రాక్షను ఎండబెట్టి కిస్మిస్ చేసినట్టు."

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. "కిస్మిస్‌ల పోయేది నీళ్లు. మరి దీంట్ల ఏం పోయింది?"

"చిల్లర."

"మార్కెట్ల దళారి గూడ గిదే అనేటోడు" అని మామయ్య పేపరు తిరగేశాడు.

ఏం పోయిందో తెలుసుకోవడానికి బావ దగ్గర ఒక పరీక్ష ఉంది. కొత్త మోడల్ ఏదొచ్చినా ముందు ఒకటే ప్రశ్న: "బావమరిది బతక కోరును" అన్న సామెత పూర్తి చెయ్యి. దాయాది చావ కోరును అని మనందరికీ తెలుసు. ఈ ప్రశ్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడగడంలో ఆయనకేదో తృప్తి. ఓ మోడల్ ఎనిమిది బిట్లలో ఉన్నప్పుడు, "బావమరిది బతక కోరును, బావ కూడా బతక కోరును" అని చాలా మర్యాదగా చెప్పింది. అదే మోడల్‌ను నాలుగు బిట్లకు దించితే, "బావమరిది బతక కోరును, బ్యాంకు వారు సంతకం కోరును" అంది.

"సామెత తప్పింది గాని, గ్రామర్ జూడు బామ్మర్దీ! ఒక్క తప్పు లేదు."

రెండు బిట్లకు దించిన రాత్రి నాకింకా గుర్తే. "బావమరిది" అని మొదలుపెట్టి, "బావమరిది బావమరిది బావమరిది" అంటూ తెర నిండా నన్నే పిలుచుకుంటూ పోయింది. కంట్రోల్-సీ నొక్కినా ఆగలేదు. వంటింట్లోంచి అక్క వచ్చి చూసి, "పాపం, ఇది ఒక్కటే మా తమ్ముణ్ని ఇంతగా తలుచుకుంటుంది" అని ప్లగ్గు పీకేసింది.

ఈ మోడళ్లకు తెలుగంటే మొదట్లో మరీ కష్టంగా ఉండేది. కంప్యూటరుకు "నమస్కారం" 24 బైట్లు. తొలి మోడళ్ల పదసంచిలో ఉన్నవే 32 వేల ముక్కలు, అందులో తెలుగుకు దక్కినవి దాదాపు శూన్యం. అందుకని మన అక్షరాన్ని బైట్లు బైట్లుగా విరిచి నమిలేవి. బావ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటే, అక్క తన లెక్క తాను కట్టింది: కుక్కర్ మూడు విజిళ్లకు ఒక పేరా. తర్వాత గూగుల్ జెమ్మా రెండు లక్షల యాభై ఆరు వేల ముక్కల సంచితో వచ్చింది. దాని మీదే 2024లో మనవాళ్లు రవితేజ (సినిమా ఆయన కాదు), రాంశ్రీ గౌతమ్ కలిసి నవరస అనే మోడల్ చేశారు. మొదట తొమ్మిది భారతీయ భాషలు, తర్వాత పదిహేను. ఆ రోజు బావ ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచాడు. కొడుకు పేరు మీద ఏమైనా వచ్చిందా అని అత్తయ్య అడిగింది.

2025 జనవరిలో డీప్‌సీక్ ఆర్1 పేరు మోగిపోయినప్పుడు బావ కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశాడు: మా ఇంట్లో డీప్‌సీక్ నడుస్తుంది. కాలనీ అధ్యక్షుడు అభినందించాడు. రెండ్రోజుల తర్వాత శామీర్‌పేట దగ్గర టీ బండి వద్ద, బిట్స్ క్యాంపస్ కుర్రాడు ఒకడు వినయంగానే అడిగాడు: "అంకుల్, అసలుది 671 బిలియన్ అంకెలది కదా, మీరు నడిపేది ఎంత?" బావ టీ గ్లాసులోకి చూస్తూ "ఎనిమిది" అన్నాడు. అది పెద్దదాని జవాబులు బట్టీ పట్టించిన లామా పిల్ల అని కుర్రాడు వివరించాడు. బర్రెదూడకు ఐరావతమని పేరు పెట్టుకున్నాడన్నమాట. పేరు మాత్రం ఈనాటికీ మార్చలేదు.

"ఎందుకు బావా ఇదంతా?" అంటే ఒక్కటే మాట: "మన డాటా బయటికి పోవద్దు." ఏం డాటా? నేను చూశాను. కిరాణా లిస్టు, చిన్నదాని లెక్కల మార్కులు, బాస్ మీద రాసి పంపకుండా వదిలేసిన మూడు మెయిళ్లు. ఇంత గుట్టు మనిషి సిమ్ కార్డుకని, లాడ్జికని, గ్యాస్‌కని ఇచ్చిన ఆధార్ జిరాక్సులు జిల్లా అంతా తిరుగుతుంటాయి. ఒకసారి మిర్చి బజ్జీలు ఎవరిదో జిరాక్సులో చుట్టి ఇస్తే, నూనె మరకల మధ్య ముఖం బావదేమోనని ఇద్దరం దీపం కింద పెట్టి చూశాం. కాదు. కాస్త నిరాశగానే తిన్నాడు.

కరెంటు సంగతి అక్క చెబితే బాగుంటుంది. పని పెడితే మిషన్ 300 వాట్లు తాగుతుంది. రాత్రి పడుకునే ముందు ఏదో ఒక పరీక్ష పెట్టి వదిలేస్తాడు. పది గంటలకు 3 యూనిట్లు, నెలకు 90. స్లాబు మారిన నెల అక్క బిల్లును ఫ్రిజ్ మీద అంటించి, "ఫ్రిజ్ పాలన్నా దాస్తది" అని రాసింది.

ఈ ఇంట్లో ఏఐ వల్ల బాగుపడ్డ మనిషి ఒక్కరే ఉన్నారు, బావ వాళ్లమ్మ. డిసెంబరులో మేడ్చల్ వైపు చలి సంగతి తెలిసిందే, ఇడ్లీ పిండి పొంగి చావదు. ఓ రాత్రి అత్తయ్య గిన్నె తీసుకెళ్లి కంప్యూటర్ క్యాబినెట్ వెనక, వేడిగాలి కొట్టే చోట పెట్టింది. తెల్లారేసరికి మూత లేచింది. అప్పట్నుంచి అదే గిన్నె చోటు. అత్తయ్య మిషన్ ముట్టుకోకుండానే మోడల్ సైజు చెప్పేస్తుంది. ఓ పొద్దున నా ఎదుటే మూత తీసి చూసి బావను నిలదీసింది: "రాత్రి చిన్నది నడిపినవా? పిండి పొంగలే." ఆ రోజు నుంచి చలికాలమంతా రాత్రిపూట పద్నాలుగు బిలియన్లదే నడుస్తోంది. ఇడ్లీలు మెత్తగా ఉన్నాయని నేను ఒప్పుకోక తప్పదు.

పోయిన డిసెంబరు పెళ్లి ముచ్చట చెప్పి ముగిస్తాను. కొంపల్లి దాటాక హైవే పక్కన ఫంక్షన్ హాల్. అత్తయ్య మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. బగారన్నం, మటన్ వడ్డించే వేళకు బావ ఫోన్ తీశాడు. ఇంట్లో మిషన్ నడుస్తోందట, ఎక్కణ్నుంచైనా దాన్ని అడగొచ్చట. మా పెద్దనాన్న ముందుకు జరిగి, "మా వాడికి పెళ్లెప్పుడైతదో అడుగు" అన్నాడు. బావ టైపు చేశాడు. తెర మీద గుండ్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఇది రీజనింగ్ మోడల్. ముందు ఆలోచిస్తది, తర్వాత చెప్తది."

మటన్ అయిపోయింది. పెరుగన్నం అయిపోయింది. గుండ్రం తిరుగుతూనే ఉంది. డబుల్ కా మీఠా దగ్గరికొచ్చేసరికి మా పెద్దనాన్న లేచి చేయి కడుక్కుంటూ, "మా వాడు గూడ గంతే, ఇరవై తొమ్మిదేండ్ల నుంచి ఆలోచిస్తుండు" అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే గది చీకటి. అత్తయ్య సగం నిద్రలో జవాబిచ్చింది: "పిండి పొంగింది బిడ్డా, స్విచ్ బంద్ చేసిన."

నవ్వాను. కడుపుబ్బ నవ్వాను. నవ్వి ఇంటికెళ్లి, రాత్రి ఒంటిగంటకు తలుపేసుకుని నా ల్యాప్‌టాప్‌లో నాలుగు జీబీల ఫైలు దించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాతెప్పుడో వానకు నెట్ పోయింది, ఫోన్లో సిగ్నల్ కూడా లేదు. తెరిచి సామెత అడిగాను. కర్సర్ కాసేపు మిటకరించి, ఒక్కో అక్షరమే రాసింది: "బావమరిది బతక కోరును, బావ బాకీ మరచును." తప్పే. కానీ అది పక్కూరి నుంచి రాలేదు, అమెరికా నుంచి రాలేదు, నా ఒళ్లో కూర్చుని చెప్పిన తప్పు. ఎండిన తోటకు మామయ్య మళ్లీ మళ్లీ బోరెందుకు వేయించాడో ఆ రాత్రి కొంచెం అర్థమైంది. మా ఆవిడ లేచి "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది. "ఏం ఫరక్ రాలే" అన్నాను, అదేం జవాబో నాకే తెలియదు.

నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీయే ఉంది. డెస్క్‌టాప్ ర్యామ్ బావ మిషన్లో ఉంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు బంగారంతో పోటీపడి పెరిగాక, విడిగా ఉన్న కడ్డీ ఒకటి బావ బీరువాలో అక్క నగల పక్కన పెట్టాడని విన్నాను. ఈ వ్యాసం ఆయన చదువుతాడన్న భయం లేదు. ఇంట్లో దానికిచ్చి నాలుగు ముక్కల్లో చెప్పమంటాడు. అది నాలుగు బిట్లది, నేనాయన్ని పొగిడానని చెబుతుంది.

మీ ఇంట్లో ఎవరూ వాడని ర్యామ్ ఉంటే చెప్పండి, ల్యాప్‌టాప్‌దయితే మరీ మంచిది. బావకు చెప్పకండి.