రాత్రికి ఏ పేట?

2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్లకు వీసా బెడద తీసేసింది. ఇక మిగిలిన చిక్కల్లా ఒకటే: బ్యాంకాక్‌లో రాత్రి ఏ పేటలో తెల్లవార్చాలి? పెళ్లి సంబంధానికి కూడా ఇంత వాకబు జరగదు. వాట్సాప్‌లో గ్రూపు పెడతారు. ఇదివరకు ఒకసారి వెళ్లొచ్చినవాడే అడ్మిన్. అంటే నిపుణుడన్నమాట.

ఖావ్‌సాన్ రోడ్డు అంటాడొకడు. ఒకప్పుడు బియ్యం వ్యాపారం సాగిన వీధి, ఇప్పుడు బుల్లి బకెట్లలో మందు పోసి అమ్ముతోంది. "అది బ్యాగు తగిలించుకు తిరిగే కుర్రాళ్లకురా, మనం ఈఎంఐలు కట్టేవాళ్లం" అని ఇంకొకడు కొట్టిపారేస్తాడు. థాంగ్‌లోర్ అయితే అక్కడి డబ్బున్నవాళ్లు కూర్చునే చోటు. ఫొటోలు బాగుంటాయి, బిల్లే బాగుండదు. పాట్‌పాంగ్ పేరెత్తగానే గ్రూపంతా మౌనం. కాసేపాగి ఒకాయన "అక్కడ నైట్ మార్కెట్ ఉందట, పిల్లలకు బ్యాగులు కొనొచ్చు" అంటాడు. ఇంట్లోనూ అదే చెబుతాడు. మార్కెట్ నిజంగానే ఉంది. ఎన్ని కాపురాలను కాపాడిందో పాపం!

ఈ తర్జనభర్జన మనకే సొంతమనుకోకండి. 2004లో థాయ్ ప్రభుత్వమే ఈ పనికి కూర్చుంది. మ్యాపు ముందేసుకుని పాట్‌పాంగ్, రచ్చడాఫిసేక్, రాయల్ సిటీ అవెన్యూ, ఈ మూడే వినోద మండలాలు, మిగతావాళ్లు పెందలాడే దీపాలార్పాలి అని గీత గీసింది. పారిశ్రామికవాడ లాగా సరదావాడ! సరదాకు గెజిట్ చదివే అలవాటు లేదు. ఖావ్‌సాన్, థాంగ్‌లోర్ ఆ గీత బయటే వెలిగిపోయాయి. చివరికి 2023 డిసెంబరు 15 నుంచి, లైసెన్సున్న వినోదశాలలు తెల్లవారుజామున 4 గంటల దాకా తెరుచుకోవచ్చని ప్రభుత్వమే దిగొచ్చింది.

గ్రూపులో ఎవరూ అడగని సంగతి ఇక్కడే ఉంది. బార్లు నాలుగింటి దాకా మేలుకుంటాయి, స్కైట్రైన్ అర్ధరాత్రికే పడుకుంటుంది. ఆ మధ్య గంటలన్నీ టుక్‌టుక్‌ వాళ్లవి. టుక్‌టుక్‌కు మీటరుండదు, బేరమే. ఆ వేళకు మనవాడు నిటారుగా నిలబడితే గొప్ప, ఇక బేరమేం ఆడతాడు? ఖావ్‌సాన్‌కైతే స్కైట్రైన్ గొడవే లేదు, అటు వెళ్లదు గనక.

కాబట్టి పేటల చర్చ కట్టిపెట్టి ముందు గది చూసుకోండి. తూలుతూ నడిచినా చేరగలిగే దూరంలో ఏది ఉంటే అదే మీ పేట. అడ్మిన్ ఒప్పుకోకపోతే టుక్‌టుక్ డబ్బులు ఆయన్నే కట్టమనండి.