పీకేది నేనే, పెంచేది నేను కాను

నేను నూలుదారపు రీలును. వరంగల్ కొత్తవాడలో నూలు అనగానే అందరికీ మగ్గమే గుర్తొస్తుంది. పడుగుకూ పేకకూ సరిపోయే లావుపాటి నా దాయాదులు ఇక్కడ జంపఖానాలవుతారు. వరంగల్ డర్రీల పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించుకున్నారు. మాదంతా పత్తి వంశమే. సన్నటి పోగులు రెండు మూడు కలిపి పేనితే నేనయ్యాను. రవికెలు కుట్టాల్సినదాన్ని, ఆడవాళ్ల పైపెదవి మీదికీ గడ్డం కిందికీ చేరాను. దాయాదులకేమో గుర్తింపు, నాకేమో నిందలు. ‘థ్రెడింగ్ మొదలుపెట్టాకే వెంట్రుకలు లావుగా వస్తున్నాయి’ అన్నది వాటిలో పెద్దది. ఆ నింద ఎందుకు నిలవదో చెప్పడానికే నా కథ విప్పుతున్నాను.

గజం కన్నా కాస్త తక్కువ తెంపి, రెండు కొసలూ ముడివేసి, నడుమ ఏడెనిమిది మెలికలు తిప్పితే నేను సిద్ధం. ఒక చేతి వేళ్లు విప్పగానే మెలిక రెండో చేతివైపు పరుగెత్తుతుంది. దారిలో దొరికిన వెంట్రుకను నొక్కిపట్టి వేరుతో సహా లాగేస్తుంది. పాలిస్టర్ దారం జారిపోతుంది, ఆ పట్టు నూలుకే ఉంది. ఇరాన్ నుంచి ఈజిప్టు దాకా ఆడవాళ్లకు ఈ విద్య తరతరాలుగా తెలుసు. అయితే నేను తీసేది వెంట్రుకను మాత్రమే. అది మొలిచే కుదురు చర్మం లోపల అలాగే ఉంటుంది. అందుకే రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ నూగు కనబడుతుంది. అది ఎంత లావుగా, ఎంత నల్లగా రావాలో తేల్చేవి వంశమూ, రక్తంలోని హార్మోన్లూ. పైపైన తిరిగే నా మాట అక్కడ చెల్లదు.

‘మరి కళ్లారా చూస్తున్నామే’ అంటారు. చూస్తున్నది నిజమే, కారణమే వేరు. ఆడపిల్లలు నన్ను మొదట చేతపట్టేది దాదాపుగా యుక్తవయసులో. మెత్తటి నూగు నల్లటి వెంట్రుకగా మారేదీ ఆ వయసులోనే. రెండూ ఒకేసారి మొదలయ్యేసరికి రెండోదానికి మొదటిదే కారణమనిపిస్తుంది. రేజరుకూ ఇదే నింద ఉంది. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి వేలికి గరుకుగా తగులుతుంది, అంతే. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ మగవాళ్ల గడ్డపు వెంట్రుకలను కొలిచి, గీయడంవల్ల వాటి మందమూ పెరిగే వేగమూ మారడం లేదని చూపించారు. ‘మా అమ్మమ్మలు పసుపుతోనే నెట్టుకొచ్చారు’ అనేవాళ్లూ ఉన్నారు. ఏనుమాముల మార్కెట్లో మా పత్తితోపాటే దిగే పసుపు మీద నాకు పగ లేదు. నలుగు పెట్టి రుద్దితే కొంత నూగు రాలవచ్చు, పసుపు ఛాయ మిగిలినదాన్ని కప్పవచ్చు. కానీ నల్లబడ్డ గడ్డపు వెంట్రుకను అది తిరిగి నూగుగా మారుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

చేయని తప్పుకు నన్ను నిలదీసేవాళ్లు, నావల్ల నిజంగా హాని జరిగే చోట మాత్రం నోరెత్తరు. ఎంగిలి గ్లాసు ముట్టని ఇళ్లలో కూడా, ఒకరు పళ్ల మధ్య కరిచిపట్టిన దారాన్ని ఇంకొకరి పెదవి మీద నడిపిస్తారు. అక్కకు వాడిన ముక్కే చెల్లెలికీ వాడతారు. పులిపిర్లు పాకేదీ, చీముపొక్కులు లేచేదీ, మానాక నల్లమచ్చలు మిగిలేదీ ఇలాంటి చోటే. మొటిమలకు రెటినాయిడ్ క్రీములు రాసుకోవడంతో సున్నితంగా మారిన చర్మాన్నీ వదలరు. పనయ్యాక, పౌడరూ వెంట్రుకలూ అంటిన నా ముక్క నేల మీదే ఉండిపోతుంది. మర్నాడు చీపురు పుల్లలకు చుట్టుకుంటుంది. విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ చీపురు అరిగేదాకా అక్కడే. మిగిలిన రీలు తెగిన గుండీలు, తుప్పుపట్టిన సూదుల సరసన దుమ్ము కొట్టుకుపోతుంది. ఏ పెళ్లిపిలుపో వస్తే తప్ప నేను గుర్తుకు రాను. వచ్చాక, ఆ దుమ్ముతోనే ముఖానికెక్కుతాను.

ఇక అసలు మాట. పెంచేది నేను కానప్పుడు, పెంచేదెవరో కనుక్కోవాలి కదా! ‘అయితే ప్రతి వెంట్రుకా జబ్బేనా’ అని భయపడనక్కర్లేదు. తల్లికీ మేనత్తకూ ఉన్నట్టే కొందరికి మామూలుగానే ఉంటుంది. తీసుకోవడమూ, వదిలేయడమూ ఎవరిష్టం వారిది. కానీ గడ్డం మీద కొత్తగా బిరుసు వెంట్రుకలు మొలుస్తూ, నెలసరి తప్పుతూ, మొటిమలు లేస్తూ, తలమీద జుట్టు పలచబడుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించుకోవాలి. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి సుమారు 10 మందికి అది ఉంటుందనీ, వాళ్లలో 70 శాతం దాకా ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నెలనెలా శుభ్రంగా పీకేసి ఆ ఆనవాలును దాచిపెట్టడంలో నా చేయి కూడా ఉంది. కాబట్టి చేతులూ ముఖమూ కడుక్కుని, మనిషికో కొత్త ముక్క తెంపి, పళ్లతో పనిలేకుండా ముడి వేసుకుని నన్ను వాడండి. వాడాక చెత్తబుట్టలో వేయండి. వెంట్రుకల తీరు మారితే ఎంజీఎం ఆసుపత్రిలోనో, దగ్గర్లోని డాక్టరు దగ్గరో చూపించుకోండి. గొంతు బొంగురుపోతూ వెంట్రుకలు వేగంగా పెరుగుతుంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. వెంట్రుక తీయడానికి నేను చాలు, అది ఎందుకొచ్చిందో మాత్రం డాక్టరునే అడగండి.