స్వయంప్రకటిత విశ్వవిఖ్యాతులు

చతుర్ముఖ పారాయణమని మన పెద్దలు పరిహాసముగా పేరుపెట్టిన పేకాటకు పూర్వము నలుగురు మనుష్యులు, ఒక చాప, ఇల్లాలి సహనము ఆవశ్యకములుగా నుండెడివి. అంతర్జాలము పుణ్యమా యని యిప్పుడు విశాఖపట్టణమున నిద్రపట్టని విశ్రాంతోద్యోగి అర్ధరాత్రి మీట నొక్కినంతనే వార్సానుండి యొకడు, టొరంటోనుండి యొకడు, ఊరు పేరు చెప్పనొల్లని మరియొకడు బ్రిడ్జి ఆడుటకు సిద్ధమగుచున్నారు. కావున ఆట దొరకుట సులభము. భాగస్వామి మాట వేరు.

బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ వంటి చోట చేరిన ప్రతివాడును తన నైపుణ్యమెంతటిదో తానే నిర్ణయించి ప్రకటించుకొనవచ్చును. నోవిస్ మొదలు ఎక్స్‌పర్టు, ఆపై వరల్డ్ క్లాస్ వరకు మెట్లు గలవు, పరీక్షాధికారి లేడు. వరల్డ్ క్లాసనగా ప్రపంచపు పోటీలలో స్వదేశమునకు ప్రాతినిధ్యము వహించినవాడని యర్థము. 1950లో మొదలైన బెర్ముడా బౌల్ అను ప్రపంచపు పోటీ నాటినుండి అట్లాడినవారందరును కూడబలుకుకొని మన బల్లయొద్దకే విచ్చేయుచున్నారేమో యన్నట్లు, ఏ రాత్రి చూచినను వారి సంఖ్యకు కొదవ యుండదు. మన సాహిత్యసభలలో బిరుదులు పంచిపెట్టువారు శాలువా ఖర్చైనను భరింతురు. ఇచ్చట అదియును మిగులు.

52 ముక్కలలో ఒక్క చేతికి రాదగిన 13 ముక్కల కూర్పులు 63,501 కోట్లకు పైబడియుండగా, ఈ మహనీయుల ప్రొఫైళ్లలోని వాక్యము మాత్రము సర్వత్ర ఒక్కటే: మంచి భాగస్వామి కావలెను, తప్పులు చేయువారు రావలదు. అట్టివానికెదురుగా కూర్చుండి, చేతినిండ రాజులు, రాణులు పొంగిపొరలుచుండగా స్లామను పెద్ద గెలుపు నాశించి, ఈస్లీ బ్లాక్‌వుడ్ పేర ప్రసిద్ధమైన నాలుగు నోట్రంపుల ప్రశ్న వేసితిమనుకొనుడు. నీయొద్ద ఆసులెన్ని యని దాని భావము. ఐదు డైమన్లన్న ఒకటి, ఐదు ఆఠీన్లన్న రెండు అని బ్రిడ్జిలో ఓనమాలు దిద్దినవాడెవడైనను చెప్పగలడు. మన విశ్వవిఖ్యాతుడు దీర్ఘముగా నాలోచించి ‘పాస్’ అనును. పిమ్మట పరచిన డమ్మీలో రెండాసులు తళతళలాడుచుండగా, ఆట నేర్చుకొని రమ్మని మనకే హితవు టైపుచేసి, పంపకము ముగియకమునుపే అంతర్ధానమగును. ఆ స్థానమున రోబో వచ్చి కూర్చుండును. అది తన పాటకర్థమేమో తెలుపును, అలుగదు, లేచిపోదు.

అసలీ మంచి భాగస్వామి యన్వేషణలోనే యొక భ్రాంతి యున్నది. 15 నుండి 17 పాయింట్లున్నప్పుడు ఒక నోట్రంపు పాడు అమెరికా పద్ధతివాడును, 12 నుండి 14 ఉన్నప్పుడే పాడు ఏకల్ పద్ధతివాడును ఒక్క మాటైన ముందు చెప్పుకొనక ఎదురెదురుగా కూర్చుండినచో, ఇరువురును నిజముగా ఘనులే యైనను బల్లమీద జరుగునది ప్రహసనమే. 2018 ఏషియన్ క్రీడలలో జకార్తాయందు 60 ఏండ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏండ్ల శిబ్‌నాథ్ సర్కార్ భారతదేశమునకు గెలిచిన స్వర్ణము పురుషుల జోడీ పోటీలోనిది. బ్రిడ్జిలో గెలుపైనను ఓటమియైనను జోడీదే. ఇది యెరుగక రాత్రికి ఐదుగురు భాగస్వాములను తరిమివేసి, ప్రపంచమున బ్రిడ్జి క్షీణించినదని వాపోవువాని దుఃఖమునకు మందు లేదు.

పాఠకమహాశయా, తాను ఇంటర్మీడియటునని వ్రాసికొన్న సాధువెవడైన కంటబడినచో జాగుచేయక యెదుట కూర్చుండుము. నోట్రంపున కెన్ని పాయింట్లని ముందుగా నడుగుము. పది పంపకములైన పిదప, రేపును ఈ వేళకే రాగలవాయని మరవక యడుగుము.